కడాయిలో నూనె పడకముందే చెప్పాలి

మహబూబ్‌నగర్: పొద్దుగూకి వీధి దీపాలు వెలిగే వేళకు పట్టణంలో కడాయిల చప్పుడు మొదలవుతుంది. న్యూటౌన్, మెట్టుగడ్డ, క్లాక్ టవర్, బస్టాండు పరిసరాల్లో నడుస్తుంటే ఇనుప గరిటె కడాయికి తగిలే టకటక శబ్దం, పెద్ద మంట మీద వేగే వెల్లుల్లి వాసన, సోయా సాస్ ఘాటు ఎదురవుతాయి. బండి నెత్తిన ఎర్ర అక్షరాలతో 'చైనీస్ ఫాస్ట్‌ఫుడ్' అని రాసి వుంటుంది. ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వెనుక గ్యాస్ సిలిండరు, పక్కన పెద్ద టబ్బులో వండి ఆరబెట్టిన అన్నం. స్కూటరు దిగకుండానే 'అన్నా, రెండు ఫుల్ చికెన్ రైస్, ఒక మంచూరియా పార్శిల్' అని కేక వేసి ఫోను చూసుకునేవారే ఎక్కువ. పది నిమిషాల్లో వేడివేడి పొట్లాలు చేతికి వస్తాయి.

ఆ పది నిమిషాల్లో కడాయిలో ఎంత నూనె పడిందో, ఎన్ని రకాల సాస్‌లు పడ్డాయో చూసేవారు తక్కువ. అడిగేవారు అంతకన్నా తక్కువ. నిజానికి బజారు తిళ్ళలో కొన్నవాడి మాట బాగా చెల్లే తిండి ఇది. చిప్స్ పొట్లం ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. మిర్చి బజ్జీ పిండి ముందే కలిపి వుంటుంది. బిర్యానీ డేగ్షాలో దమ్ము ఎప్పుడో పూర్తయి వుంటుంది. ఫ్రైడ్ రైస్ మాత్రం అడిగినవాడి కళ్ళ ముందే, అడిగినవాడి కోసమే తయారవుతుంది. కడాయిలో నూనె పడకముందు చెప్పిన ఒక్క మాట ఆ ప్లేటు తీరునే మార్చివేయగలదు.

ఈ మాట చెప్పవలసిన అవసరం చిన్నది కాదు. 2019-20లో తెలంగాణలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు పైబడిన పురుషుల్లో సుమారు 31 శాతం మందికి, మహిళల్లో సుమారు 26 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా వుండడమో, దానికి మందులు వాడుతుండడమో తేలింది. అంటే నలుగురు పెద్దలున్న ఇంట్లో ఒకరికైనా బి.పి. వుండడం వింత కాదు. ఇంటికి తెచ్చిన పొట్లం విప్పితే పిల్లలూ తింటారు, బి.పి. బిళ్ళ వేసుకునే తల్లీ తింటుంది, షుగరు వున్న తాతా రెండు ముద్దలు పెట్టించుకుంటాడు. కుర్రవాడి నాలుక కోసం చేసిన వంట ఇంటిల్లిపాది కడుపులోకి పోతుంది.

పేరు చైనాది, వంట మనది

చైనా వంట అంటే నూనెలో తేలే ఎర్రటి ముద్దలు అనుకోవడం పొరపాటు. చైనా ఇళ్ళలో ఆవిరి మీద వుడికిన అన్నం, ఆవిరి మీద వండిన చేప, పెద్ద మంట మీద క్షణాల్లో వేపిన ఆకుకూర, పలుచని చారు వంటివి మామూలు భోజనం. మన బండ్ల మీద దొరికేది వేరే సంగతి. కలకత్తాలో పద్ధెనిమిదో శతాబ్దం చివరి నుంచి చైనా కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ నగరంలోని టాంగ్రా ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమలు నడిపిన హక్కా చైనీయులు తమ వంటకు మన మసాలా, మన పచ్చిమిరప, మన వెల్లుల్లి జోడించారు. అలా పుట్టినదే ఇప్పుడు దేశమంతా తింటున్న చైనీస్.

మంచూరియా అన్నది చైనా ఈశాన్య దిక్కున వున్న ప్రాంతం పేరు. మనం తినే మంచూరియా మాత్రం అక్కడి వంట కాదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో మొదటిసారి చికెన్ మంచూరియన్ చేశాడని చెబుతారు. వెల్లుల్లి, అల్లం, పచ్చిమిరప వేపి, గరం మసాలాకు బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. చికెన్ స్థానంలో గోబీ వచ్చింది, తర్వాత క్యాబేజీ ముద్దలు వచ్చాయి, పెద్ద హోటళ్ళ నుంచి బండ్ల మీదికి దిగింది. అంటే ఈ వంట ఇక్కడి నాలుకకు తగినట్టు ఒకసారి మారినదే. ఇప్పుడు ఇక్కడి ఒంటికి తగినట్టు ఇంకొకసారి మార్చుకుంటే తప్పేమీ లేదు.

అజినమోటో ఒక్కటే దొంగ కాదు

ఆరోగ్యం మీద కాస్త శ్రద్ధ వున్నవారు బండి దగ్గర అనే మాట ఒకటుంది: 'అజినమోటో వెయ్యకు'. బండ్లవారు దీన్ని టేస్టింగ్ సాల్ట్ అంటారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు చారులోని కమ్మదనానికి కారణం వెతికి, ఈ పదార్థాన్ని వేరు చేశాడు. అజినమోటో అన్నది దాన్ని అమ్మిన కంపెనీ పేరు, పదార్థం పేరు మోనోసోడియం గ్లుటామేట్. 1968లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో దీని మీద అనుమానం మొదలైంది. చైనా హోటల్లో తిన్న తర్వాత మెడ తిమ్మిరి, గుండె దడ వస్తున్నాయని ఆ ఉత్తరం రాసిన డాక్టరు చెప్పాడు. ఆయన అనుమానించిన వాటిలో ఈ ఉప్పుతో పాటు సోయా సాస్, వంటలో వాడే సారా కూడా వున్నాయి. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదులో దీనివల్ల కీడు రుజువు కాలేదు. ఖాళీ కడుపున ఒకేసారి 3 గ్రాములు, అంతకు పైన తీసుకున్న కొందరికి తలనొప్పి, ఒళ్ళు వేడెక్కడం వంటివి కాసేపు కనిపించవచ్చునని తేలింది. పడనివారు మానుకోవడం మంచిదే.

అయితే టేస్టింగ్ సాల్ట్ వద్దన్న మనిషే అదే ప్లేటులో సోయా సాస్ రెండుసార్లు పోస్తుంటే ఊరుకుంటాడు. ఇక్కడే లెక్క తప్పుతోంది. మామూలు ఉప్పులో సోడియం సుమారు 39 శాతం, టేస్టింగ్ సాల్ట్‌లో సుమారు 12 శాతం. సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో సాధారణంగా 900 మిల్లీగ్రాముల దాకా సోడియం వుంటుంది. ఉప్పు లెక్కన చూస్తే అది 2 గ్రాములకు పైమాటే. ఒక మనిషి రోజు మొత్తంలో తినవలసిన ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే హద్దు పెట్టింది. రెండు చెంచాల సోయా సాస్ పడిందంటే ఆ రోజు ఉప్పు చాలావరకు అయిపోయినట్టే. దానిపైన చిల్లీ సాస్, టమాటా సాస్, విడిగా చల్లే ఉప్పు వుండనే వున్నాయి. పొద్దున తిన్న పచ్చడి, మధ్యాహ్నం తిన్న పప్పులోని ఉప్పు ఈ లెక్కలో చేరలేదు.

బి.పి. వున్నవారు అడగవలసిన మొదటి మాట 'సోయా సాస్ సగమే' అన్నది. టేస్టింగ్ సాల్ట్ మాట ఆ తర్వాత. సాస్ తగ్గితే చప్పగా వుంటుందన్న బెంగ అక్కరలేదు. వెనిగర్‌లో, మిరియాల పొడిలో, నిమ్మరసంలో ఉప్పు దాదాపు లేనట్టే. ఈ మూడూ బండి మీద వుండేవే, లేదా ఇంట్లో దొరికేవే.

రోజంతటి నూనె ఒక్క ప్లేటులో

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషి పళ్ళెం ఎలా వుండాలో చెప్పింది. కూరగాయలు 400 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, నూనె, కొవ్వు 27 గ్రాములు. ఒక పెద్ద చెంచా నూనె సుమారు 14 గ్రాములు తూగుతుంది, 120కి పైగా కేలరీలు ఇస్తుంది. అంటే రోజు మొత్తానికి రెండు చెంచాలు. బండి మీద నూనె చెంచాతో కొలవరు, గరిటెతో పోస్తారు. ఒక పెద్ద గరిటె పడితే రెండు చెంచాల హద్దు ఆ క్షణమే దాటవచ్చు.

ఫ్రైడ్ రైస్‌లో నూనె ఒక్కసారే పడుతుంది. మంచూరియాలో రెండుసార్లు. క్యాబేజీ తురుముకు మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి ముద్దలు చేసి మొదట నూనెలో వేపుతారు. ఆ ముద్దలనే మళ్ళీ నూనెలో సాస్‌లతో కలుపుతారు. పైన వున్న పిండి పొర నూనె పీల్చుకుంటుంది. అందుచేత పేరుకు 'వెజ్' అయినా, కూరగాయ కన్నా పిండీ నూనే ఎక్కువ. చికెన్ 65, చికెన్ లాలీపాప్ కూడా ఆ కోవలోనివే. ఫ్రైడ్ రైస్‌లోని చికెన్ కూడా చాలాచోట్ల ముందే పిండిలో ముంచి వేపి పెట్టినదే అయివుంటుంది.

నూనె ఎంత అన్నదే కాక ఎన్నిసార్లు కాగింది అన్నదీ చూడాలి. పదేపదే కాచిన నూనెలో చెడు పదార్థాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో వుంది. కొనేవారి చేతిలో కొలిచే యంత్రం వుండదు, కళ్ళు, ముక్కు వుంటాయి. వేపుడు కడాయిలోని నూనె నల్లబడి, చిక్కబడి, పైన నురగ నిలిచి, కొద్ది మంటకే పొగలు కక్కుతుంటే ఆ పూట వేపుడు ఏదీ అడగకుండా వుండడమే మేలు. అదే బండి మీద నూడుల్స్, రైస్ కొత్త నూనెతో చేయించుకోవచ్చు.

ఎరుపు ఎక్కడిది?

మంచూరియా ఎర్రగా వుంటేనే గిరాకీ అని బండ్లవారి నమ్మకం. ఎండుమిరప ఇచ్చే ఎరుపు అంతగా మెరవదు. అందుకే రంగు పొడి చిటికెడు పడుతుంది. మన రాష్ట్రానికి పొరుగునే వున్న కర్ణాటకలో ఆరోగ్య శాఖ గోబీ మంచూరియా నమూనాలు 171 తీసి పరీక్షిస్తే 107 నమూనాల్లో కృత్రిమ రంగులు బయటపడ్డాయి. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్ వంటివి వాటిలో వున్నాయి. 2024 మార్చిలో ఆ ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. ఈ రంగుల్లో కొన్నింటిని మిఠాయిల వంటి కొన్ని తిళ్ళలో పరిమితికి లోబడి వాడనిస్తారు. మంచూరియా ఆ జాబితాలోది కాదు.

రంగు వల్ల రుచి పెరగదు. 'రంగు ఎయ్యకు' అన్న రెండు మాటలకు పైసా ఖర్చు లేదు. ముద్దలు ముందే రంగు కలిపి వేపి వుంటే ఆ మాట పనిచేయదు. అప్పుడు వేరేది అడగడమే దారి. తిన్న తర్వాత సబ్బుతో కడిగినా వేళ్ళకు ఎరుపు పోకపోతే రంగు పడిందని అనుమానించవచ్చు.

అన్నం ఎప్పుడు వండారు?

ఫ్రైడ్ రైస్‌కు ఆరిన అన్నం కావాలి, వేడి అన్నం ముద్ద కడుతుంది. అందుకని మధ్యాహ్నమే వండి టబ్బులో పోస్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన పాలమూరులో ఇదొక చిక్కు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వుంటాయి. అన్నం వుడికినా అవి చావవు. వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా వుంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేపినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. ఇంగ్లీషు దేశాల్లో దీనికి ఫ్రైడ్ రైస్ జబ్బు అనే పేరే పడింది.

రాత్రి పదకొండు గంటలకు అట్టడుగు అన్నంతో చేసిన ప్లేటు కన్నా, ఏడు గంటలకు చేయించుకున్న ప్లేటు నయం. టబ్బు మీద మూత వుందా, అన్నం జిగటగా వుందా, పులిసిన వాసన వస్తోందా అని ఒకసారి చూడడం అలవాటు చేసుకోవాలి. వాసన రాకున్నా విషం వుండవచ్చు గనుక 'అన్నం ఎన్నింటికి వండినవ్ తమ్మీ' అని అడగడంలో నామోషీ లేదు. ఇంటికి తెచ్చిన పొట్లం రెండు గంటల్లోపు తినేయాలి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా గట్టు మీద వుంచి పొద్దున వేడిచేసి పిల్లలకు పెట్టడం మానుకోవాలి. చద్దన్నం ఇంటి ఆచారమే గాని, నీళ్ళు పోసి పులియబెట్టే చద్దన్నం పద్ధతి వేరు, పొట్లంలోని చికెన్ రైస్ సంగతి వేరు.

ఏమని అడగాలి?

బండి దగ్గర పాఠం చెప్పినట్టు మాట్లాడితే మాస్టరుకు విసుగు. నాలుగు ముక్కల్లో చెబితే సరిపోతుంది: 'తమ్మీ, నూనె సగమే ఎయ్యి. సోయా తక్కువ పొయ్యి. రంగు ఎయ్యకు. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ మస్తుగ ఎయ్యి.' సప్పగుంటదని అతనంటే, 'నిమ్మకాయ పిండుకుంటంలే' అంటే సరి. ఇందులో బండివానికి నష్టమేమీ లేదు. నూనె, సాస్ మిగులుతాయి. కూరగాయలు ఎక్కువ వేసినందుకు పది రూపాయలు అదనంగా అడిగినా ఇవ్వడం న్యాయమే. ఆ పది రూపాయలు పోయేది కడుపులోకి, డాక్టరు దగ్గరికి కాదు.

వేళ చూసి అడగాలి. ఎనిమిదింటికి గిరాకీ ముసిరినప్పుడు మాస్టరు నాలుగైదు ప్లేట్లు ఒకే కడాయిలో కలిపి వేస్తాడు. అప్పుడు ఒక్కరి మాట వినడం అతనికి కుదరదు. ఆరున్నర, ఏడు గంటల మధ్య వెళితే విడిగా చేసి ఇస్తాడు. కడాయి కూడా అప్పటికి శుభ్రంగా వుంటుంది. ఫోను మీద ఆర్డరు ఇచ్చేవారు కూడా నూనె, సాస్ తగ్గించమని ముందే రాయవచ్చు, లేదా మాట్లాడి చెప్పవచ్చు.

ఉన్నవాటిలో ఏది నయం అన్నది తర్వాతి ప్రశ్న. చికెన్ 65 కన్నా పిండి పట్టించకుండా వుడికించిన చికెన్ ముక్కలు నయం. అవి లేనిచోట గుడ్డు వుంది. వేపుడు చికెన్ వేసిన రైస్ కన్నా రెండు గుడ్లు, చేతినిండా కూరగాయలు వేసిన ఎగ్ రైస్ మేలు. డ్రై మంచూరియా, గ్రేవీ మంచూరియాల్లో ఏది తిన్నా ముద్ద నూనెలో వేగినదే. గ్రేవీలో సాస్ ఎక్కువ గనుక ముక్కలు తిని గ్రేవీ వదిలేస్తే కొంత ఉప్పు తగ్గుతుంది. నూడుల్స్ కన్నా రైస్ మంచిదనీ, రైస్ కన్నా నూడుల్స్ మంచివనీ వాదించుకోవడం దండుగ. ఒకటి మైదా, ఇంకొకటి తెల్ల బియ్యం. దేనిలోనైనా కూరగాయలు సగం వుండేటట్టు చూసుకోవడమే ముఖ్యం. షెజ్వాన్ అన్న పేరు వినబడితే ఇంకొక సాస్ పడుతుందని లెక్క.

మోమోలు ఇప్పుడు మన పట్టణాలకూ వచ్చాయి. వేపినవాటి కన్నా ఆవిరి మీద వుడికినవి మేలు. వాటితో ఇచ్చే తెల్లని మయోనైజ్ విషయంలో జాగ్రత్త అవసరం. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో రోగక్రిములు వుండే ప్రమాదమే అందుకు కారణం. ఎర్ర చట్నీ కొద్దిగా అద్దుకుంటే చాలు.

అన్నిటికన్నా సులువైన మార్పు కొలతలో వుంది. ఫుల్ ప్లేటు చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. నలుగురికి నాలుగు ఫుల్ చెప్పడం అలవాటు. రెండు చెప్పి చూస్తే నూనె, ఉప్పు, ఖర్చు మూడూ సగమవుతాయి.

సగం ఇంట్లో, సగం బండి మీద

మన జిల్లా వంటింట్లో వున్న వస్తువులే ఈ లెక్కను సరిచేయగలవు. ఆదివారం రాత్రి పార్శిల్ తెచ్చుకునే ఇల్లు ఒకటి అనుకుందాం. తండ్రి రెండు ఫుల్ చికెన్ రైస్, ఒక మంచూరియా, ఒక చికెన్ 65, ఒక పెద్ద కూల్‌డ్రింక్ సీసా తెచ్చాడు. నాలుగింటిలో నూనె, మూడింటిలో సాస్. కూల్‌డ్రింక్ 250 మిల్లీలీటర్లు తాగితే సుమారు 25 గ్రాముల చక్కెర. కూరగాయ అని చెప్పుకోదగ్గది గుప్పెడు క్యాబేజీ.

అదే ఇంట్లో తల్లి నాలుగు జొన్నరొట్టెలు చేసి, దోసకాయ, ఉల్లిగడ్డ తరిగి, మజ్జిగ చిలికి పెట్టింది అనుకుందాం. తండ్రి ఒక ఫుల్ ఎగ్ రైస్ కూరగాయలు ఎక్కువగా, నూనె సగంతో చేయించుకుని, వుడికించిన చికెన్‌తో చిల్లీ చికెన్ ఒకటి సాస్ తగ్గించి తెచ్చాడు. పిల్లలు బండి రుచి పోగొట్టుకోలేదు. తాత జొన్నరొట్టెలో చిల్లీ చికెన్ నంజుకున్నాడు. బి.పి. వున్న తల్లి రైస్ రెండు ముద్దలు తిని, మిగతా కడుపు రొట్టెతో, మజ్జిగతో నింపుకుంది. ఖర్చు కూడా తక్కువే అయింది. జొన్నలు, సజ్జలు, పల్లికాయ పండే నేల మనది. సాయంత్రం పిల్లలకు వుడకబెట్టిన పల్లికాయ గుప్పెడు పెడితే ఆకలి సగం తీరి, రాత్రి ప్లేటు దానంతటదే చిన్నదవుతుంది.

వారానికి ఒకసారి ఇలా తింటే పెద్ద కీడు లేదు. కాలేజీ హాస్టళ్ళ నుంచి, కిరాయి గదుల నుంచి రోజూ రాత్రి బండి మీదే తినే కుర్రవాళ్ళ సంగతే ఆలోచించవలసినది. ఇరవై ఏళ్ళ వయసులో నాలుకకు పట్టిన ఉప్పు అలవాటు నలభైలో బి.పి. బిళ్ళగా తేలుతుంది. రోజూ తప్పనివారు నూనె సగం, సోయా సగం, గుడ్డు రెండు, కూరగాయలు ఎక్కువ అన్న నాలుగు మాటలు వదలకూడదు. బి.పి., కిడ్నీ, షుగరు జబ్బులున్నవారు తమ డాక్టరు చెప్పిన పథ్యం ప్రకారమే నడవాలి.

పొట్లం ఎలా కడుతున్నారు?

వేడి సూపు, గ్రేవీ పలుచని ప్లాస్టిక్ కవరులో పోసి ముడి వేయడం చూస్తున్నాం. కొన్నిచోట్ల పాత పేపరు ముక్కలో మంచూరియా చుట్టి ఇస్తారు. పేపరు మీద అచ్చు సిరా వేడి నూనెకు కరిగి తిండిలోకి దిగుతుంది. 2018లో వచ్చిన ప్యాకింగు నిబంధనల ప్రకారం తిండి పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టడం, నిలవచేయడం నిషిద్ధం. పేపరు చదవడానికే గాని మంచూరియా చుట్టడానికి కాదన్న మాట పేపరే చెప్పవలసి వస్తోంది. ఇంటి నుంచి స్టీలు డబ్బా, మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు తీసుకుపోతే ఈ బెడద వుండదు. పాలకు, కల్లుకు గిన్నె పట్టుకుపోయిన ఊళ్ళే మనవి. ఫ్రైడ్ రైస్‌కు పట్టుకుపోవడంలో చిన్నతనమేముంది?

బండివారికీ ఒక మాట

ఈ బండ్ల మీద ఎందరో యువకులు బతుకుతున్నారు. హైదరాబాదు హోటళ్ళలో గిన్నెలు కడిగి, కూరగాయలు తరిగి, పని నేర్చి, సొంత ఊరికి వచ్చి బండి పెట్టుకున్నవారు వీరిలో వున్నారు. వలసలకు పేరుపడిన జిల్లాలో సొంత గడ్డ మీద బతుకుదెరువు దొరకడం చిన్న విషయం కాదు. ఆ గిరాకీ నిలవాలంటే నమ్మకం నిలవాలి. ఆహార భద్రత శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకుని, 14 అంకెల నంబరు బండి మీద కనబడేట్టు రాసుకోవాలి. అన్నం రెండు విడతలుగా వండుకోవాలి, టబ్బు మీద మూత వుంచాలి. వేపుడు నూనె నల్లబడగానే పారబోయాలి. 'నూనె తక్కువ, రంగు లేదు' అని బోర్డు మీద ఒక వరుస రాసిన బండి దగ్గరికి కుటుంబాలు వెతుక్కుంటూ వస్తాయి. అధికారులు కూడా ఏదైనా ప్రమాదం జరిగినప్పుడే కాక, ఏడాది పొడుగునా నమూనాలు తీయాలి, బండ్లవారికి శిక్షణ ఇవ్వాలి.

ఇవన్నీ జరిగేదాకా కొనేవారు కాచుక్కూర్చోవలసిన పని లేదు. కడాయి ముందు నిలబడేది వారే, డబ్బు ఇచ్చేది వారే, ఆ తిండి పోయేది వారి ఇంటికే. స్కూటరు స్టాండు వేసి, ఫోను జేబులో పెట్టి, రెండడుగులు ముందుకు వేస్తే చాలు. మాస్టరు నూనె డబ్బా అందుకునేలోపు చెప్పిన మాటకు విలువ వుంటుంది. నూనె పడిన తర్వాత చెప్పిన మాట పొగలో కలిసిపోతుంది.